గుండె ఓపీలో నివారణ వైద్యం ఎంత బాగా అందుతోందో లెక్క తీయడం ఎలా?

పాలమూరు_ఓపీ
మహబూబ్‌నగర్‌లో గుండె ఓపీ. స్టెంట్ పడినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు కలిపి రిజిస్టర్లో 400 మంది దాకా ఉన్నారు. కంప్యూటర్ లేదు, అన్నీ కేస్ షీట్లే. గుండెపోటు రాకుండా చేయాల్సింది చేస్తున్నామా లేదా అని మూడు నెలలకోసారి లెక్క తీయమంటున్నారు సారు. ఏమేం చూడాలి? ఎన్ని షీట్లు తీయాలి? ఈ పనికి దొరికేది ఒక్క నర్సు, అదీ సగం పూట.

నల్గొండ_ఎన్‌సీడీ
ఏం చూడాలన్నది తర్వాత, ముందు హారం తేల్చుకోండి. ఎక్కువ లెక్కలు చెడేది అక్కడే. 400 మందిలో ఈ మూడు నెలల్లో 240 మంది వచ్చారు, వాళ్లలో 168 మందికి బీపీ 140/90 లోపు ఉందనుకుందాం. వచ్చినవాళ్లతో భాగిస్తే 70 శాతం, రిజిస్టర్‌తో భాగిస్తే 42. సారుకు చూపాల్సింది 42. రాని 160 మందిలోనే గోలీలు మానేసినవాళ్లు ఎక్కువ ఉంటారు.

2017లో తెలంగాణతో కలిపి 5 రాష్ట్రాల్లో మొదలైన ఐహెచ్‌సీఐ (దేశంలో బీపీ అదుపు కోసం పెట్టిన కార్యక్రమం) పద్ధతీ దాదాపు ఇదే. చేరి 3 నెలలు నిండనివాళ్లను పక్కన పెడతారు, మందు పనిచేయడానికి టైమ్ ఇవ్వాలి కదా. 3 నెలలుగా రానివాళ్లను 'రాలేదు' గడిలో వేస్తారు గానీ హారంలోంచి తీయరు. రాక 12 నెలలు దాటితే వాళ్లకు వేరే పట్టీ.

చూడాల్సినవి నాలుగు చాలు: చివరి బీపీ, స్టెంట్ లేదా గుండెపోటు కేసుల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు పెద్ద డోసు (అటోర్వా 40-80 లేదా రోసువా 20-40 ఎంజీ), ఏడాదిలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పరీక్ష, బీడీ-గుట్కా అడిగి రాశారా లేదా. ఆస్పిరిన్‌కు గడి వద్దు. స్టెంట్ పడినవాళ్ల చీటీలో అది ఎలాగూ ఉంటుంది, కొత్తగా ఏం తెలియదు.

కఫ్_సైజు
ఆ 42 అయినా నమ్మాలంటే రీడింగుల చివరి అంకె చూడండి. చేత్తో చూసే మిషన్‌లో గీతలు 2 చొప్పున ఉంటాయి కాబట్టి 0, 2, 4, 6, 8 ఒక్కోటి ఇంచుమించు 20 శాతం రావాలి. సగం రీడింగులు సున్నాతో ముగిస్తే కొలవలేదు, అంచనా వేశారు. 138ని 140 అని రాస్తే ఆ పేషెంటు అదుపు తప్పిన లెక్కలోకి పోతాడు, 142ని 140 అన్నా ఫలితం మారదు. మిగతావి తెలిసినవే: 5 నిమిషాలు కూర్చోబెట్టడం, అంతకు ముందు అరగంట టీ, బీడీ లేకపోవడం, ఒక నిమిషం తేడాతో రెండు రీడింగులు. లావు చేతికి చిన్న కఫ్ (మిషన్ పట్టీ) కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. పెద్ద కఫ్ ఒకటి టేబుల్ మీదే ఉండాలి.

లిపిడ్_లెక్క
స్టాటిన్ గడి చీటీలో రాసింది చెప్తుంది, మింగింది చెప్పదు. అందుకే ఎల్‌డీఎల్ వదలొద్దు: మందు మొదలెట్టాక 4-12 వారాల్లో ఒకసారి, లక్ష్యం 70 లోపు. కొందరు 55 అంటారు, లిపిడ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా మరీ రిస్కున్నవాళ్లకు 50 లోపంటుంది. ఏదో ఒకటి పెట్టుకుని ఏడాది దాకా మార్చకండి. పరీక్షే చేయించనివాళ్లను 'లక్ష్యం అందలేదు' కింద వేయండి. వాళ్లను తీసేస్తే తక్కువ పరీక్షలు చేసే క్లినిక్కే గొప్పగా కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఇంకో రకం కొవ్వు) 400 దాటితే ల్యాబ్ ఫార్ములాతో లెక్కగట్టిన ఎల్‌డీఎల్ పనికిరాదు, డైరెక్ట్ పరీక్ష అడగాలి. పెద్ద డోసు మీద కూడా ఎల్‌డీఎల్ సగానికి తగ్గకపోతే ఇంకో గోలీ కలిపే ముందు పాతది వేసుకుంటున్నారా అని అడగండి.

పాలమూరు_ఓపీ
నారాయణపేట, మక్తల్ దిక్కు నుంచి ముంబై, పుణెకు వలస పోయేవాళ్ల సంగతేంది? ఏడాదిలో ఒకటి రెండుసార్లే వస్తారు.

నల్గొండ_ఎన్‌సీడీ
హారంలోనే ఉంచండి, పక్కన 'వలస' అని గుర్తు పెట్టండి. పోయేముందు 3 నెలల గోలీలిచ్చి ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కూడా రాసుకోండి. అక్కడి దవాఖానలో చూసిన బీపీ పేషెంటు పుస్తకంలో తేదీతో రాసి ఉంటే తీసుకోవచ్చు, ఫోన్‌లో 'నార్మలే అన్నారు' అంటే కుదరదు.

షీట్ల విషయానికొస్తే, బీపీ అందరిదీ రిజిస్టర్ నుంచే తీయండి. స్టెంట్ కేసులు వందలోపుంటే అన్నీ చూడాలి. మిగతావాళ్లలో ప్రతి నాలుగోది చాలు, మొదటి నంబరు చీటీ వేసి తీయండి. 100 షీట్లలో 60 శాతం వచ్చిందంటే అటూ ఇటూ 10 తేడా ఉండొచ్చు, కాబట్టి 58 నుంచి 63కు పెరిగితే సంబరపడొద్దు. ఏదైనా షీటు దొరక్కపోతే పక్క నంబరుది తీయకండి, 'దొరకలేదు' అనే రాయండి.