ఉత్తుత్తి ఆటల్లోంచి బొమ్మల పుస్తకం: పిల్లల మాటల్ని పట్టుకునేది ఎలా?

పలక_బలపం:
మా పాపకు నాలుగున్నరేళ్లు. సాయంత్రమైతే ఉత్తుత్తి ఆటలే. దివాన్ కింద బస్ డిపో, స్టూలు మీద ఆస్పత్రి. బస్సుకు జ్వరం వస్తుంది, "డీజిల్ వద్దంట, చారన్నం కావాలంట" అని తీర్పు వస్తుంది. వీటితో 16 పేజీల బొమ్మల పుస్తకం చెయ్యాలని ఉంది. బొమ్మలు వేసుకోగలను, చిక్కల్లా రాతతోనే. ఫోన్‌లో రికార్డు చేయబోతే పాప ఆట ఆపేసి కెమెరాకి పాట పాడుతుంది. తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే చప్పగా ఉంటోంది. పక్కన కూర్చుంటే "ఇప్పుడేం చెయ్యాలి?" అని నన్నే అడుగుతుంది. ఎలా రాసుకోవాలి, ఆట చెడగొట్టకుండా ఎలా కలవాలి, కథ ఎలా తియ్యాలి?

గుజ్జనగూళ్లు:
ముందు ఫోన్ అవతల పెట్టండి. చేతిలో ఇమిడే నోట్‌బుక్, పెన్సిలు చాలు. పాల లెక్క రాసుకుంటున్నట్టు రాస్తే పిల్లలు పట్టించుకోరు. ఆటంతా రాయాలని చూడకండి, చెయ్యి అందుకోలేదు. ఏ వస్తువు ఏమైంది, పాప నోట వచ్చిన మాట, ఆట ఎక్కడ మలుపు తిరిగింది, ఇంతే. మాట మాత్రం అక్షరం మార్చకూడదు. "జొరం" అంటే "జొరం" అనే రాయండి. "కావాలంట" అన్నప్పుడు బస్సు పాపకు చెప్పింది, పాప మనకు చేరవేస్తోంది. దాన్ని "బస్సు చారన్నం కోరింది" అని దిద్దారంటే మధ్యలో ఉన్న డాక్టరమ్మ ఎగిరిపోయింది. మీ రాత చప్పబడేది అక్కడే.

"ఇప్పుడేం చెయ్యాలి?" అందంటే మీరు పెద్దవాళ్లలాగే కూర్చున్నారన్నమాట. ఏదో ఒక వేషంలోకి దిగండి, అదీ చిన్న వేషంలోకి. డాక్టరు పాపే, మీరు వరసలో నిలబడ్డ ఆటోవాలా. "డాక్టరుగారూ, మా ఆటోకి రాత్రంతా దగ్గండీ" అని ఆగిపోండి. ఒక పది సెకన్లు నోరు కట్టుకోవాలి. పెద్దవాళ్లకు ఇదే కష్టం, మూడో సెకనుకే ఇంకో ప్రశ్న వేసేస్తారు. "ఇదేం రంగు? చక్రాలెన్ని?" లాంటి ప్రశ్నలు అసలొద్దు. అవి పరీక్షలు, ఆట అక్కడికక్కడే తెగిపోతుంది.

వస్తువుల సంగతి. అచ్చం స్టెతస్కోపులా ఉన్న ప్లాస్టిక్ స్టెతస్కోపు స్టెతస్కోపుగానే మిగిలిపోతుంది. చున్నీ అయితే కట్టు, నది, బస్సు టికెట్ల రోల్, ఏదైనా అవుతుంది. కర్ర గుర్రమయ్యే ఆట గురించి సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లోనే వివరించాడు: కర్ర మీద కాలు వేసి ఎక్కగలగాలి, అంతవరకే దానికి గుర్రం పోలిక కావాలి. ఒక అట్టపెట్టె, రెండు మీటర్ల బట్ట, బట్టల క్లిప్పులు అరడజను, నాలుగైదు గిన్నెలు. ఇంతకు మించితే సామాను సర్దడమే ఆటైపోతుంది. ఏటికొప్పాక లక్కపిడతలు ఈ వయసుకు చక్కగా పనికొస్తాయి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం బొటనవేలంత ముక్కలు తీసేయండి, నోట్లో పెట్టుకుంటారు.

ఆట ముగిశాక ఇంకో పద్ధతి ఉంది. షికాగోలో కిండర్‌గార్టెన్ టీచరుగా పనిచేసిన వివియన్ పేలీ దీనికి పేరుపడ్డారు. పిల్ల చెబుతుంది, మీరు ఎదురుగానే రాస్తారు, ఒక్కో వాక్యం పైకి చదువుతూ. తర్వాత దాన్ని ఆడి చూపిస్తారు. ఒక పేజీ నిండగానే ఆపండి. హద్దు లేకపోతే "ఆ తర్వాత... ఆ తర్వాత..." అంటూ నిద్దరొచ్చేదాకా సాగుతుంది.

పలక_బలపం:
వారం పొడుగునా అదే ఆస్పత్రి ఆట అయితే? కొత్తది మొదలుపెట్టించాలా?

గుజ్జనగూళ్లు:
వద్దండీ. అదే ఆట తిరిగి వస్తోందంటే మీకు పంట పండినట్టే. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అదొక్కటే రాయండి. నిన్న సూది, ఇవాళ సూదికి భయపడే బస్సు అయితే కథ కదిలినట్టు. అస్సలు కదలకపోతే రోజుకు ఒకే ఒక్క కొర్రీ వెయ్యండి: మందు ఒక్క సీసాయే మిగిలింది, లేదా డాక్టరుకే జ్వరం వచ్చింది. పాప "కాదు" అంటే వెంటనే వదిలెయ్యండి. రెండోసారి అడిగితే ఆట మీదైపోతుంది.

ఒత్తు_పొల్లు:
పైన చెప్పినవన్నీ సరే గానీ, పోగేసిన మాటల్ని వరసగా పేర్చితే కథ కాదు. పిల్లల ఆటలో సంఘటనలు బోలెడుంటాయి, అడ్డంకి ఒకటి నిలబడి ఉండదు. ఎలుగుబంటి వచ్చేస్తుంది, మరుక్షణం వెళ్లిపోతుంది. ఆటలోంచి మీరు ఏరుకోవాల్సింది సంఘటనల్ని కాదు, ఆ లోకపు కట్టుబాటుని. ఇక్కడ అది "బళ్లకు కూడా ఒంట్లో బాగోదు". అది పాపది, ముట్టుకోవద్దు. దాని మీద అడ్డంకి మీరు కట్టండి: తెల్లారి అయిదింటికి మొదటి సర్వీసు వెళ్లాలి, బస్సు చూస్తే లేవట్లేదు. చారన్నం తిని లేచిందా, తినిపించేదాకా ఎవరెవరు ఏమేం పట్టుకొచ్చారు? చాలు, పుస్తకం వచ్చేసింది. చివర్లో "కాబట్టి పిల్లలూ, చారన్నం తినాలి" అని మాత్రం పెట్టకండి, దణ్ణం పెడతాను.

కొలతలు: నాలుగు ఎ4 కాగితాలు మధ్యకు మడిస్తే 16 పేజీలు. 1 ముఖచిత్రం, 2 పుస్తకం వివరాలు, 15 పాప వేసిన బొమ్మ, 16 వెనక అట్ట. కథకు 3 నుంచి 14 దాకా, 12 పేజీలు. పేజీకి 20, 25 మాటలు మించొద్దు. ఊరించే వాక్యం కుడిచేతి పేజీ అడుగున, అంటే బేసి పేజీలో పెట్టండి. జవాబు పేజీ తిప్పాక రావాలి. "మూత తీసి చూస్తే..." 5లో ఉంటే, లోపల ఏముందో 6లో. రెండూ ఎదురెదురుగా పడితే పిల్లలు బొమ్మ ముందే చూసేస్తారు, ఊరింపు వృథా.

చాలామంది తప్పేది ఇక్కడ: ఒకే కాగితం మీద పక్కపక్కన వచ్చే ఎదురెదురు పేజీలు 8, 9 మాత్రమే. 4 పక్కన 13, 6 పక్కన 11 ఉంటాయి. రెండు పేజీలకు పరిచే పెద్ద బొమ్మ నడిమధ్యలో వేస్తే అతుకు ఉండదు. మిగతా చోట వేస్తే సగం సగం వేర్వేరు కాగితాల మీద పడి, బస్సు నడుం దగ్గర ఒక మిల్లీమీటరైనా జరుగుతుంది. అసలు బొమ్మలకు ముందు చిత్తు కాగితాలు మడిచి, పేజీ నంబర్లు వేసుకుని, విప్పి చూడండి.

అక్షరాలు 22 పాయింట్లకు తగ్గొద్దు. వరసల మధ్య ఎడం (లైన్ స్పేసింగ్) 1.5 ఉండాలి. ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ ఇస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి.

కుట్టు తేలికే. మడత మీద మూడు రంధ్రాలు: మధ్యలో ఒకటి, పై నుంచీ కింద నుంచీ 4 సెం.మీ. లోపలికి ఒక్కోటి. 60 సెం.మీ. దారం. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, కింది రంధ్రంలో బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి. పొడుగు పోగుకు అటూ ఇటూ కొసలుండేలా ముడి వెయ్యండి.

తెర_వెనక:
కుట్టేముందు కథను నీడబొమ్మలతో ఒకసారి ఆడించి చూడండి. సాగదీత ఎక్కడుందో తేలిపోతుంది. గుమ్మానికి తెల్ల పంచె బిగుతుగా కట్టి, వెనక మీటరున్నర దూరంలో ఫోన్ టార్చి పెట్టండి. ట్యూబ్‌లైట్ పనికిరాదు, వెలుగు పొడుగునా వస్తుంది కాబట్టి నీడ అంచులు చెదిరిపోతాయి. పాత శుభలేఖల అట్టతో బొమ్మలు కత్తిరించి, వెనక చీపురుపుల్ల టేపుతో అంటించండి. బొమ్మ పంచెకు ఆనితే నీడ తేటగా ఉంటుంది, దీపం వైపు జరిపితే పెద్దదవుతుంది. జ్వరమొచ్చిన బస్సు ఉబ్బాలంటే ఇదే కిటుకు.

అట్టలోంచి వెలుగు రాదు, నీడ నల్లగానే పడుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల రంగులు తెర మీద కనిపించేది తోలును పలచగా, వెలుగు దూరేలా చేస్తారు గనక. మీరు కిటికీలు, హెడ్‌లైట్లు కోసి రంగు జిలాటిన్ కాగితం అంటిస్తే ఆ మేరకు రంగొస్తుంది.

పాప తెర ముందుంటే ముఖం చూడండి. లేచి తెర వెనక్కి తొంగి చూసిందంటే ఆ పేజీలో మాటలు ఎక్కువయ్యాయి, సగానికి కొయ్యండి. "మళ్లీ అది చెయ్యి" అన్న చోట అదే వాక్యాన్ని కథలో మూడుసార్లు రానివ్వండి.

గుజ్జనగూళ్లు:
ముఖచిత్రం మీద రచయితగా పాప పేరు ముందు వెయ్యండి. పేజీలు కుట్టేముందు చదివి వినిపించండి. "బస్సు అలా అనలేదు" అంటే ఆ వాక్యం మార్చాల్సిందే.