సై పారిష్ మీద జాలి పడమంటుందా ఆ సినిమా? (కథంతా బయటపెట్టే చర్చ, చూడనివాళ్లు జాగ్రత్త)

నెగటివ్‌రీలు:
నిన్న రాత్రి 'వన్ అవర్ ఫొటో' మళ్లీ చూశాను. 2002లో వచ్చింది, మార్క్ రొమానెక్ రాసి తీశాడు. రాబిన్ విలియమ్స్ ఇందులో సై పారిష్, పెద్ద స్టోర్‌లో ఫొటో కౌంటర్ దగ్గర పనిచేసే ఒంటరి మనిషి. యార్కిన్ కుటుంబం రీలు ఇచ్చినప్పుడల్లా తన కోసం ఇంకో సెట్ ప్రింట్లు వేసుకుంటాడు. ఇంట్లో ఒక గోడ నిండా వాళ్లే.

నా గొడవంతా ఆఖరి ఐదు నిమిషాలతోనే. అప్పటిదాకా ఇతను ఎందుకిలా అయ్యాడో సినిమా చెప్పదు. భయమంతా అందులోనే ఉంది. ఫుడ్ కోర్టులో, ఆ ఇంటి ఇల్లాలు నీనా దగ్గర చూసిన పుస్తకాన్నే తానూ తెచ్చుకుని, అనుకోకుండా కలిసినట్టు కూర్చుంటాడు చూడండి, నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. హోటల్లో కత్తి తీసినప్పుడు కూడా అంత కాలేదు. తీరా పోలీసుల ముందు కూర్చున్నాక, చిన్నప్పుడు తన చేత తండ్రే అసహ్యమైన ఫొటోలు దిగించాడని మనకు అర్థమయ్యేలా మాట్లాడతాడు. అంతే, లెక్క సరిపోయింది, పాపం అనుకుని ఇంటికెళ్లిపోవచ్చు. డిఫెన్స్ లాయరు రాసిన సీన్‌లా లేదూ?

రాత్రిషో:
ఒప్పుకోను బ్రో. ఆ సీన్ లేకపోతే హోటల్ గదిలో జరిగింది ఉత్త పగలా మిగిలిపోతుంది. నీనా మొగుడు విల్‌నీ, అతని ప్రియురాలినీ కత్తితో బెదిరించి, బట్టల్లేకుండా నటించమని కెమెరా పట్టుకుంటాడు. వాళ్లను ముట్టుకోడు. తనకు జరిగిందే వాళ్లకు చేస్తున్నాడని చివర్లోగానీ తెలీదు. కారణం చెప్పినంత మాత్రాన క్షమించమన్నట్టా?

నెగటివ్‌రీలు:
క్షమించమని నోటితో అనదు. కానీ డిటెక్టివ్ మొహం చూడు, ఆయనే మెత్తబడిపోతాడు. ఆయన మెత్తబడితే మనమూ మెత్తబడతాం.

సాయంత్రం_మల్లి:
మీరిద్దరూ సై గురించే కొట్టుకుంటున్నారు. నీనా సంగతి ఎవరికీ పట్టలేదా?

నాకు అన్నిటికన్నా చిరాకేసింది వేరే చోట. విల్ ప్రియురాలి ఫొటోలను సై కావాలనే నీనా కవర్లో పెడతాడు. తర్వాత వాళ్లింటి బయట మాటేసి చూస్తాడు, లోపల ఏం పేలుతుందా అని. ఏమీ పేలదు. ఆమె మామూలుగా భోజనం వడ్డిస్తుంది. దానికి ఇతనికి కోపం! ఆమె అరవలేదట, గోల చేయలేదట. ఆమె కాపురంలో ఆమె ఎలా బాధపడాలో కూడా ఇతనే రాసిపెట్టుకున్నాడు. వెంటపడే మనిషి అసలు స్వరూపం అక్కడుంది, గోడ మీద కాదు.

ఇక సినిమా చేసిన తప్పంటారా, విల్ అక్రమ సంబంధాన్ని అంత పెద్దది చేయడమే. దాంతో సై జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. భర్త మంచివాడై ఉంటే ఈ కథలో మనం ఎటువైపు ఉండేవాళ్లం? అప్పుడు జాలి పుట్టేదా?

రాత్రిషో:
మల్లి గారూ, ఇది నాకు తట్టలేదు. కానీ సై కోపం న్యాయంగానే ఉందని సినిమా అనుకుంటోందంటే నమ్మను. అలా అనుకుంటే ఆ ఇంట్లో దూరి సోఫాలో కూర్చున్నట్టు, వాళ్లొచ్చి "అంకుల్ సై" అని సంబరపడినట్టు అతను ఊహించుకునే సీన్ అంత వెగటుగా తీసేవాళ్లు కాదు.

పాతల్యాబ్:
ఆలస్యంగా వచ్చాను. డిజిటల్ రాకముందు నేనూ కొన్నేళ్లు ఫొటో ల్యాబులో పనిచేశాను కాబట్టి ఒక మాట. ఫిల్ము కడిగే రసాయనం, అదే డెవలపర్, వేడి 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి, కాస్త తప్పినా రంగు తేడా కొట్టేస్తుంది. మిషన్ సెట్టింగ్ గురించి రిపేరుకొచ్చిన అతనితో సై పోట్లాడతాడే, అది పిచ్చి కాదు, పని తెలిసినవాడి పట్టుదల. మాలో అలాంటివాళ్లు ఉండేవారు, నేనూ ఒకణ్ని.

అందరి ఫొటోలూ చూస్తాం, చూడకుండా ప్రింట్ ఎలా వేస్తాం? పుట్టినరోజులు, పెళ్లిళ్లు, ఒక్కోసారి చూడకూడనివీ. కవరు అంటించేసరికి మర్చిపోవాలి. వేసిన ప్రింట్లను మిషన్ లెక్కపెడుతుంది, సైని మేనేజరు పట్టుకున్నది ఆ లెక్క తేలకే. ఉద్యోగం పోయాకే ఇతను అదుపు తప్పుతాడు, గమనించారా? చిన్నతనం సంగతి అలా ఉంచండి, రోజుకోసారైనా ఎవరో ఒకరు పేరుపెట్టి పలకరించే చోటు అదొక్కటే అతనికి. నాకు జాలి వేసింది అక్కడ. ఆ రెండో సెట్ ప్రింట్ వేసినందుకు మాత్రం రవ్వంత కూడా లేదు, ఆ బటన్ నా చేతి కిందా ఉండేది.

నెగటివ్‌రీలు:
పాతల్యాబ్ గారూ, అదే నేనంటున్నది! మీకు జాలి వేయడానికి ఉద్యోగం పోవడం సరిపోయింది, తండ్రి కథ అక్కర్లేకపోయింది. ఆ కథ తీసేస్తే సినిమాకు పోయేదేముంది?

సాయంత్రం_మల్లి:
చివరి ఫొటో పోతుంది. హోటల్లో అతను తీసిన ఫొటోలు చివర్లో చూస్తే వాటిలో మనుషులే ఉండరు, గదిలోని వస్తువులు తప్ప. ఆ వెంటనే యార్కిన్ కుటుంబం మధ్యలో నవ్వుతూ సై నిలబడ్డ ఫొటో వస్తుంది, ఎప్పుడూ తీయనిది. తండ్రి సంగతి తెలియకుండా దాన్ని చూస్తే ఉత్త పిచ్చిలా ఉంటుంది. తెలిశాక నేను చాలాసేపు నీనా మొహమే చూశాను. ఆమె కూడా నవ్వుతోంది అందులో. ఆమెనెవరూ అడగలేదు.

రాత్రిషో:
సరే, ఈ రాత్రికి నేనూ మళ్లీ చూస్తాను. ఈసారి నీనా వైపు నుంచి.