ఓవెన్ 180 అంటోంది, లోపల చూస్తే 145. సెన్సర్ మార్చాలా?

ప్రశ్న (కొత్తపెనం):
గోడలో అమర్చిన ఎలక్ట్రిక్ ఓవెన్, డిజిటల్ డిస్‌ప్లే. 180 డిగ్రీల సెల్సియస్ పెడితే కాసేపటికి ప్రీహీట్ అయిందని బీప్ కొడుతోంది. మధ్య అరలో పెట్టిన ఓవెన్ థర్మామీటర్ మాత్రం 40 నిమిషాలైనా 145 దగ్గరే ఆడుతోంది. ఎర్రర్ కోడ్ ఏమీ రావట్లేదు. ఎలిమెంట్లు రెండూ వేడెక్కుతున్నాయి. సెన్సర్ కొత్తది కొనేయాలా, ముందు ఇంకేమైనా చూడాలా? మల్టీమీటర్ ఉంది.

జవాబు (ఓమ్‌లెక్క):
ఇప్పుడే కొనకండి. ముందు కొలవండి.

ఎంసీబీ దించి, ఓవెన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. లోపల వెనక గోడకి పైమూల పెన్సిల్ కంటే సన్నగా పొడుచుకొచ్చిన స్టీల్ కడ్డీ కనిపిస్తుంది, అదే సెన్సర్. చాలా డిజిటల్ ఓవెన్లలో అది పీటీ1000 అనే ప్లాటినం రకం: 0 డిగ్రీల దగ్గర 1000 ఓములు, 25 దగ్గర 1097, 100 దగ్గర 1385, 200 దగ్గర 1759. వేడి పెరిగేకొద్దీ ఓములు పెరుగుతాయి. కొన్నిటిలో పీటీ500 ఉంటుంది, అంకెలన్నీ సగం చేసుకోండి. మీటర్ పదుల కిలోఓములు చూపించి, కడ్డీ వేడెక్కితే తగ్గుతూ పోతే అది ఎన్‌టీసీ అనే వేరే రకం సెన్సర్, ఈ లెక్క దానికి పనికిరాదు.

కొలత రెండు చోట్ల తీయాలి: సెన్సర్ కనెక్టర్ విప్పి సెన్సర్ పిన్నుల మీద ఒకటి, మళ్ళీ కలిపి కంట్రోల్ బోర్డు వైపు ప్లగ్ ఊడదీసి అక్కడ ఒకటి. రెండింటికీ రెండు మూడు ఓములకి మించి తేడా రాకూడదు. అలాగే ఒక్కో పిన్నుకీ కడ్డీ లోహానికీ మధ్య చూడండి, అక్కడ ఏ కనెక్షనూ ఉండకూడదు.

జవాబు (స్క్రూముడి):
ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మాత్రం సరిచూడకండి. అది గాలి వేడిని కొలవదు, మెరిసే స్టీల్ మీద అయితే మరీ తప్పు చెబుతుంది. థర్మామీటర్ కూడా ఒక్కసారి చూసి వదిలేయకుండా, ఎలిమెంట్ ఆగినప్పటి అంకె, మళ్ళీ వెలిగినప్పటి అంకె నాలుగైదు సార్లు రాసుకుని సగటు తీయండి. పది డిగ్రీలు అటూ ఇటూ ఊగడం మామూలే.

సెన్సర్ విప్పేటప్పుడు రెండు స్క్రూలు తీసి మెల్లగా ముందుకి లాగండి. కనెక్టర్ బయటికి రాగానే వైరుకి దారం కట్టేయండి. అది జారి వెనక ఇన్సులేషన్‌లోకి పోయిందంటే ఓవెన్ మొత్తం గోడలోంచి బయటికి తీయాల్సిందే.

ప్రశ్న అడిగినవారు (కొత్తపెనం):
కొలిచానండీ. సెన్సర్ పిన్నుల మీద 1096. బోర్డు చివర 1228. లోహానికి ఏ కనెక్షనూ లేదు. సెన్సర్ కనెక్టర్‌లో ఒక పిన్ను నల్లబడి ఉంది.

జవాబు (ఓమ్‌లెక్క):
దొరికింది. సెన్సర్ కొలత బాగానే ఉంది, దోషం ఆ కనెక్టర్‌ది. 132 ఓములు అక్కడే అదనంగా చేరుతున్నాయి. 145 డిగ్రీల దగ్గర పీటీ1000 ఇచ్చేది సుమారు 1555. దానికి 132 కలిపితే 1687. 180 దగ్గర రావాల్సింది 1685! బోర్డు దృష్టిలో ఓవెన్ 180కి చేరిపోయినట్టే, అందుకే హీటింగ్ ఆపేస్తోంది. విలువ నమ్మదగిన హద్దులోనే ఉంది కాబట్టి ఎర్రర్ కోడ్ కూడా రాదు. మెనూలో ఆఫ్‌సెట్ (ఓవెన్ కొలిచే వేడికి చేసే సవరణ) మార్చి సర్దుకుందామనుకోకండి, పిన్ను వేడికీ కదలికకీ అది రోజుకో అంకె చూపిస్తుంది.

జవాబు (స్క్రూముడి):
నల్లబడ్డ పిన్ను ఏ సగంలో ఉందో చూసుకోండి. సెన్సర్ వైపు సగం కాలితే, కనెక్టర్ తలకాయతో సహా వచ్చే కొత్త సెన్సర్ వేయడమే తేలిక. మోడల్ నంబర్ చూసి తీసుకోండి. హార్నెస్ (బోర్డుకి వెళ్ళే వైర్లు) వైపు కూడా కాలి ఉంటే కనెక్టర్ కత్తిరించి, రాగి మెరిసేదాకా వైరు ఒలిచి, సిరామిక్ వైర్ నట్లతో కలపండి. మామూలు ఇన్సులేషన్ టేపు, ప్లాస్టిక్ నట్లు అక్కడ కరిగిపోతాయి. టంకం వేయడమూ వద్దు. పీటీ సెన్సర్‌కి ప్లస్ మైనస్ లేవు, ఏ వైరు ఎటు కలిపినా ఒకటే. బిగించాక కడ్డీ కొన గోడకి తగలకుండా గాల్లో ఉండాలి.

అన్నీ కలిపాక ఎంసీబీ ఎత్తకముందే బోర్డు చివర మళ్ళీ కొలవండి. వైరుని కాస్త కదిలిస్తూ చూడండి, అంకె గెంతిందంటే అతుకు ఇంకా వదులుగా ఉన్నట్టే.