భుజం నొప్పి ఉంది, పక్షుల ఫొటోలకు తేలికైన జూమ్ లెన్స్ ఏది మంచిది?

వసుంధర_నెల్లూరు

అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పక్షుల పిచ్చి పట్టుకుంది. కెనాన్ ఆర్10 ఉంది, దాంతోపాటు వచ్చిన 18-150 మిల్లీమీటర్ల జూమ్ లెన్సే వాడుతున్నాను. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు), పెరట్లో మునగచెట్టు మీద తేనెపిట్టలు, వీలైనప్పుడు పులికాట్ వైపు. 150 దగ్గర ఎంత జూమ్ చేసినా పక్షి బియ్యపుగింజంతే వస్తోంది.

మా అబ్బాయి 150-600 కొనమంటాడు. షాపులో పట్టుకుని చూశాను, రెండు కిలోల దాకా ఉందట. నాకు కుడి భుజం పట్టేసి ఫిజియోథెరపీ నడుస్తోంది. చెయ్యి పైకెత్తి జడ వేసుకోవడమే కష్టంగా ఉంది, ట్రైపాడ్ కూడా మోయలేను. బడ్జెట్ డెబ్భై వేలు. తేలికది కొంటే ఫొటోలు బాగా రావని షాపతను భయపెట్టాడు. నిజమేనా?

గద్దకన్ను_హైదరాబాద్

మేడమ్, వైల్డ్‌లైఫ్ అంటే కనీసం 600 ఉండాల్సిందే. 400తో మొదలుపెట్టినవాళ్లు ఏడాది తిరక్కుండా అమ్మేసి పెద్దది కొంటారు. సిగ్మా 150-600 కంటెంపరరీ సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. అడాప్టర్ వేస్తే మీ ఆర్10కి పడుతుంది. బరువుదేముంది, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) పెట్టుకుంటే సరి.

మూఢంలో_ఖాళీ (సూళ్లూరుపేట)

పైన అన్నతో పేచీ పెట్టుకోవాలని కాదు గానీ, "బరువుదేముంది" అనేది భుజాలు బాగున్నవాళ్ల మాట. నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. పెళ్లికూతుర్ని చెయ్యడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా మెడలో రెండు కెమెరాలతో తిరిగే పని. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పక్కన నేలపట్టులో గూడబాతులు గూళ్ల మీద ఉంటాయి. ఇక నేను చెరువు గట్టునే. కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ఏమనుకోవద్దు.

అమ్మా, మీకు సరిపోయేది కెనాన్ ఆర్ఎఫ్ 100-400, ఎఫ్5.6-8. 2021లో వచ్చింది, 635 గ్రాములు. ఆర్10 బ్యాటరీ, కార్డుతో కలిపి 429. రెండూ కలిస్తే కిలో దాటి అరవై గ్రాములు. సిగ్మా ఒక్కటే 1930 గ్రాములు. దానికి అడాప్టర్, బాడీ కలపండి, దగ్గర దగ్గర రెండున్నర కిలోలు. పైగా ఆ బరువంతా ముందుకే లాగుతుంది.

తేలికైనది నాసిరకమని షాపతను అన్నాడు కదా, బరువు ఎక్కణ్నుంచి వస్తుందో చూడండి. ఫోకల్ లెంగ్త్‌ని (400, 600 అంటున్న మిల్లీమీటర్లు) ఎఫ్ నంబరుతో భాగిస్తే లోపలికి వెలుతురు వచ్చే దారి ఎంత వెడల్పో తెలుస్తుంది. 400ని 8తో భాగిస్తే 50 మిల్లీమీటర్లు. 600ని 6.3తో భాగిస్తే 95. ముందు గాజు కనీసం అంత ఉండాలి, దాన్ని మోసే గొట్టమూ అంత ఉండాలి. 100-400లో కెనాన్ వాళ్లు వెలుతురు తగ్గించి బరువు తగ్గించారు. ఫొటో పదునుకు లోటేమీ లేదు.

ఇక ఆ వెలుతురు సంగతి. ఎఫ్ నంబరు పెద్దదైతే వెలుతురు తక్కువ, అందుకే ఎఫ్8 అనగానే అందరూ మొహం చిట్లిస్తారు. 600 దగ్గర సిగ్మా ఇచ్చేది ఎఫ్6.3. రెంటికీ తేడా స్టాపులో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) మూడింట రెండు వంతులే. అక్కడ ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే అంకె, పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 4000తో తీసే ఫొటో ఇక్కడ 6400తో తీస్తారు, అంతే. ఆ మాత్రం దానికి దాదాపు కిలోన్నర అదనంగా మొయ్యాలా? అన్న చెప్పిన దాంట్లో నిజం ఎక్కడుందంటే దూరంలో. 600 దూరం 600దే. మీ ఆర్10 సెన్సర్ చిన్నది కాబట్టి 400 పెడితే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 640 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. మీరు చెప్పిన చోట్లకు అది చాలు.

నేలపట్టు సంగతే చూడండి. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు, వాచ్ టవర్ మీంచి బాగా అందుతాయి. పిల్ల తల్లి గొంతుసంచిలోకి మెడ దాకా తల దూర్చి చేప కోసం కుమ్ముతుంది. తల్లి పడిపోకుండా రెక్కలు సగం విప్పి కొమ్మ మీద నిలదొక్కుకుంటుంది. 400 దగ్గర ఫ్రేము నిండుగా వస్తుంది. ఒక్కోసారి రెక్క చివర తెగిపోతుందేమోనని 300కి వెనక్కి రావాల్సి ఉంటుంది. షట్టర్ 1/1000 సెకను పెట్టండి. ఎగిరేవాటికైతే 1/2000 కంటే నెమ్మది చెయ్యొద్దు. లెన్సులో స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది గానీ పక్షి రెక్కను ఆపదు. ఆర్10 బాడీలో స్టెబిలైజేషన్ లేదు, ఉన్నదంతా లెన్సులోదే.

పులికాట్ వేరే కథ. శ్రీహరికోట రోడ్డు మీద నిలబడితే రాజహంసలు ఎక్కడో గులాబీ గీతలా ఉంటాయి. ఎండెక్కాక బురదనేల మీద గాలి మరుగుతుంటుంది, 600 పెట్టినా 800 పెట్టినా ఆ వణుకే పెద్దదై కనిపిస్తుంది. అక్కడ పొద్దున్నే వెళ్లడం తప్ప లెన్సు కొని గెలిచేది లేదు. ఇంకో సంగతి, ఈ లెన్సుకు వెదర్ సీలింగ్ (నీరు, దుమ్ము లోపలికి పోకుండా రక్షణ) లేదు. ఉప్పుగాలిలో తిరిగొచ్చాక మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టండి, చినుకులు పడితే పాలిథిన్ కవర్ కప్పండి.

చిరుత_చుక్కలు

బాబాయ్ చెప్పింది చెరువుల దగ్గర నూటికి నూరుపాళ్లు నిజం. అడవిలో మాత్రం కాదు. నేను ఇదే లెన్సుతో మహారాష్ట్రలోని తడోబా పులుల అడవికి వెళ్లాను. చలికాలం, తెల్లవారగానే గేటు తీశారు, వెదురు నీడలో పులి. 1/250 పెట్టినా ఐఎస్ఓ 12800 దాటింది. డీనాయిజ్ (కంప్యూటర్‌లో గరుకు తీసెయ్యడం) చేశాక ఫొటో నిలబడింది గానీ బొచ్చంతా అలికేసినట్టుంది. అలాగని లక్షలు పోసి కెనాన్ 100-500 కొన్నా 500 దగ్గర అది ఎఫ్7.1 మాత్రమే, బరువు 1370 గ్రాములు. పులి జీపు దారిలోకి వచ్చేస్తే 70-200 ఎఫ్2.8 ముందు ఇవేవీ పనికిరావు. ఎఫ్8 కంటే మూడు స్టాపులు ఎక్కువ వెలుతురు. నేనైతే అడవికి వెళ్లినప్పుడు దాన్ని అద్దెకు తీసుకుంటున్నాను.

ఇది చదివే వేరే కెమెరాల వాళ్లకు ఒక మాట: సోనీ ఏపీఎస్-సీకి (ఆర్10లాగే చిన్న సెన్సర్ కెమెరాలు) 70-350 ఉంది, 625 గ్రాములు. ఫూజీకి 70-300, 580 గ్రాములు. ఇదే కోవలోవి.

వసుంధర_నెల్లూరు

చాలా థాంక్స్ అండీ, పులుల జోలికి నేను పోను లెండి. షాపులో 100-400 పెట్టి చూశాను, భుజం ఏమీ అనలేదు. మా అబ్బాయి ఇప్పుడు 1.4 ఎక్స్‌టెండర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టి జూమ్‌ను 1.4 రెట్లు చేసేది) కూడా కొనెయ్యమంటున్నాడు. పనికొస్తుందా? తేనెపిట్ట ఒక్క క్షణం నిలవదు, దానికేమైనా చిట్కా ఉంటే చెప్పండి.

మూఢంలో_ఖాళీ (సూళ్లూరుపేట)

బాబుకు వస్తువులంటే బాగా ఇష్టంలాగుంది! ఎక్స్‌టెండర్ ఈ లెన్సుకు పడుతుంది, కానీ 400 ఎఫ్8 కాస్తా 560 ఎఫ్11 అవుతుంది. మిట్టమధ్యాహ్నం తప్ప సుఖం లేదు. ఆ డబ్బుతో స్పేర్ బ్యాటరీ ఒకటి కొనండి, ఆర్10 బ్యాటరీ చిన్నది.

తేనెపిట్ట వెంట కెమెరా తిప్పకండి, భుజం పోతుంది. మునగపూలు గుత్తిగా ఉన్న కొమ్మ ఒకటి చూసుకుని, దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి. ఈ లెన్సు సుమారు మీటరు దూరం నుంచే ఫోకస్ చేస్తుంది, కాబట్టి దగ్గరైపోయిందన్న బెంగ అక్కర్లేదు. ఎడమ చెయ్యి లెన్సు కింద పెట్టి మోచేతిని డొక్కకు ఆనించండి. బరువంతా అటే పడాలి, కుడిచెయ్యి బటన్ నొక్కడానికి మాత్రమే. ఫోకస్‌లో జంతువుల కన్ను వెతికేది ఆన్ చేసి, అదే కొమ్మకు అది మళ్లీ వచ్చేదాకా ఆగండి, వస్తుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెకనుకు 23 ఫొటోలు వస్తాయని ఆశపడొద్దు, ఆడే రెక్కలు వంకర్లు పోతాయి. మెకానికల్‌లో 15 వస్తాయి, అవి చాలు.

లెన్సు ముందు తగిలించే హుడ్ డబ్బాలో రాదు, ఈటీ-74బి అని విడిగా అడిగి తీసుకోండి. ఎండ నుంచీ కొమ్మల గీతల నుంచీ అదే కాపాడుతుంది. బిల్లు రాసేటప్పుడు 67 మిల్లీమీటర్ల చవక యూవీ ఫిల్టర్ ఒకటి అంటగట్టబోతారు. వద్దనండి.