ట్రోల్ అనే ముద్ర ఎవరికి వేయాలి?

వైట్‌ఫీల్డ్ వాసి:
2024 మార్చిలో బోర్లు ఎండిపోయి బెంగళూరులో చాలా అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, మా అపార్టుమెంటు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నుంచి ఒకాయనను ట్రోల్ అని, అంటే కావాలని గొడవ రేపేవాడని, తొలగించారు. ఆయన చేసిందల్లా ట్యాంకర్ బిల్లు చూపించమని పదే పదే అడగడమే. కమిటీవారు బిల్లును ఫోటో తీసి పెట్టారు గానీ, కాగితం అడుగు భాగం మడతపడి ట్యాంకర్ ఎన్ని లీటర్లదో కనబడలేదు. ఐదు కిలోమీటర్లలోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు అని జిల్లా యంత్రాంగం అప్పటికే ధర కట్టి ఉన్నందువల్ల, లీటర్లు తెలియనిదే ఆ బిల్లు సబబో కాదో తేలదు. అదే గ్రూపులో మరొకాయన "నీళ్లు చాలకపోతే మీ గోదావరికే పొండి" అని రాస్తే అందరూ నవ్వు బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. నా దృష్టిలో ట్రోల్ ఈ రెండో ఆయనే. ఎందుకంటే ఆ మాటకు ఎవరూ ఏ జవాబూ చెప్పలేరు, ఆయనకు అది అక్కర్లేదు కూడా.

జయనగర్ పాఠకురాలు:
వైట్‌ఫీల్డ్ గారూ, ఒక్క ఎకసెక్కంతో మనిషి ట్రోల్ అయిపోడు. నోటిదురుసు వేరు, ట్రోలింగ్ వేరు. ఎంతో మర్యాదగా ప్రశ్నలు వేస్తూ, ఎదుటివారు విసిగి ఒక మాట తూలేదాకా వదలకుండా, తూలగానే "చూశారా, అడిగినందుకు తిడుతున్నారు" అని నలుగురికీ చూపించేవారితోనే నాకు భయం. జవాబు అందాక ఆ మనిషి ఏం చేస్తాడన్నదే నేను చూసేది. జవాబులో లోపముంటే అదేమిటో చెప్పి అడిగేవాడు చర్చలో ఉన్నట్టు. అసలు జవాబే రానట్టు మర్నాడు మళ్లీ మొదటి ప్రశ్నే వేసేవాడు లేనట్టు. మీరు చెప్పిన ఆయన లీటర్లు కనబడలేదని విడమరిచి చెప్పారా, లేక "బిల్లు ఏది?" అని మాత్రమే అంటూ పోయారా?

వైట్‌ఫీల్డ్ వాసి:
మొదట విడమరిచే చెప్పారు. తరువాత "బిల్లు ఏది?" అన్న ముక్కే మిగిలిన మాట నిజమే. చెప్పవలసినవారు నాన్చుతూ ఉంటే అడిగేవాడు ప్రతిసారీ వ్యాసం రాయాలా?

హెబ్బాళ్ నుంచి ఒకడు:
మీరిద్దరూ ట్రోల్ అనేవాడు పుట్టుకతోనే వేరే రకం మనిషి అన్నట్టు మాట్లాడుతున్నారు. అలాంటివారు లేరని కాదు. ట్రోలింగ్ తమకు సరదా అని చెప్పుకున్నవారిలో పరపీడన వల్ల ఆనందం పొందే స్వభావం ఎక్కువని 2014లో కెనడా పరిశోధకులు చూపించారు. అయితే స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో వెల్లడించిన ప్రయోగం నాకు ఇంకా ముఖ్యం. మామూలు మనుషులకే ముందు కష్టమైన పరీక్ష పెట్టి చిరాకు పుట్టించి, అప్పటికే దురుసు వ్యాఖ్యలున్న చర్చలోకి పంపితే, వారు రాసినవాటిలో 68 శాతం ట్రోలింగ్ కిందికి వచ్చాయి. తేలిక పరీక్ష రాసి, సాఫీగా సాగే చర్చలోకి వెళ్లినవారి రాతల్లో అది 35 శాతమే. అంటే మొదటి వ్యాఖ్య ఎలా ఉందన్నది తరువాత వచ్చేవారి నోటిని కూడా నిర్ణయిస్తోంది. ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దాటి ఇల్లు చేరేసరికి రాత్రయ్యే మన ఊళ్లో ఆ పరీక్ష ప్రత్యేకంగా పెట్టనక్కర్లేదనుకోండి. గోదావరి మాటకు నవ్వు బొమ్మలు పెట్టినవారికి కూడా అందులో వాటా ఉంది.

కోరమంగళ కొత్తవాడు:
అసలు పేర్లతోనే రాయాలని నియమం పెడితే ఈ గొడవ ఉండదు కదండీ?

జయనగర్ పాఠకురాలు:
దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో ఆ నియమం పెట్టి చూసింది; 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టివేసింది. అపార్టుమెంటు గ్రూపులో పేరుతో పాటు ఫ్లాటు నంబరు కూడా అందరికీ తెలుసు. అయినా ఏం ఆగింది?

వైట్‌ఫీల్డ్ వాసి:
ముద్ర వేసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఎవరూ మాట్లాడడం లేదు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే 66ఎ సెక్షన్‌ను కొట్టివేసినప్పుడు, చిరాకు, అసౌకర్యం కలిగించడం వంటి మాటలకు హద్దు ఎక్కడో చెప్పలేమన్నది ముఖ్య కారణాల్లో ఒకటి. వాట్సాప్ గ్రూపు ప్రభుత్వం కాదు, నిజమే. అయినా న్యాయస్థానమే కొలవలేనన్న చిరాకును మా అడ్మిన్ ఒక్క రాత్రిలో కొలిచేశారు, అందులోనూ ఆయన కమిటీ సభ్యుడు! ఎవరినైనా తొలగించే ముందు ఏ ప్రశ్నకు ఏ జవాబు ఇచ్చారో గ్రూపులోనే చూపించాలి. చూపించలేకపోతే తొలగించకూడదు.

జయనగర్ పాఠకురాలు:
బిల్లు విషయంలో ఆ నియమం సరిపోతుంది, ఆయనను తిరిగి చేర్చుకోవలసిందేనని ఒప్పుకుంటాను. అయితే నిజంగా గొడవ కోసమే వచ్చినవాడికి మీరు ప్రశ్నలూ జవాబులూ పేర్చి చూపిస్తే, అందులో ప్రతిదాని మీదా ఇంకో ప్రశ్న వేస్తాడు. అలాంటివాడికి జవాబివ్వకుండా ఊరుకునే హక్కు కూడా గ్రూపుకు ఉండాలి.