క్రిస్మస్‌కి జామ్ శాండ్‌విచ్ కుకీలు: ఎన్ని రోజుల ముందు చేసి పెట్టుకోవచ్చు? మెత్తబడకుండా ఎలా?

తీపిపిచ్చి

అందరికీ హాయ్. క్రిస్మస్ సాయంత్రం ఇంటికి ఓ ఇరవై మంది వస్తున్నారు, మనిషికి రెండు చొప్పున నలభై శాండ్‌విచ్ కుకీలు చేద్దామని ఫిక్స్ అయిపోయా. అదే, కింద నిండు బిళ్ళ, పైన నక్షత్రం కన్నం ఉన్న బిళ్ళ, మధ్యలో ఎర్ర జామ్, పైన తెల్లగా చక్కెర పొడి ఉంటుందే, అవి. మామూలు బటర్ కుకీలు చేయడం బాగానే వచ్చు నాకు, కానీ ఇలా జామ్ పెట్టి అతికించేవి ఇదే మొదటిసారి.

అసలు ప్రాబ్లం ఏంటంటే పండగ రోజు ఓవెన్ నాకు దొరకదు, దాంట్లో వేరే వంటలు ఉంటాయి, అందుకని ముందే చేసి పెట్టేసుకోవాలి. కానీ జామ్ పెట్టి ఉంచితే కుకీ మెత్తగా అయిపోతుందని ఒకరు, అలా ఉంచితేనే బాగుంటుందని ఇంకొకరు, వీడియోకి ఒక మాట చెప్తున్నారు. ఎన్ని రోజుల ముందు చేయొచ్చు, జామ్ ఎప్పుడు పెట్టాలి, ఆ నక్షత్రం షేపు ఓవెన్‌లో పాకిపోయి గుండ్రటి మచ్చలా మిగలకుండా ఏం చేయాలి, ఇవి చెప్పండి ప్లీజ్. కొలతలు కూడా గ్రాముల్లో చెప్తే పుణ్యం ఉంటుంది, కప్పుల్లో వద్దు.

ఓవెన్_పక్కనే_ఉంటా

ముందు ఒక మాట అండి. ఇది ఒకటే పని అనుకుంటున్నారు మీరు, నిజానికి రెండు పనులు. బిళ్ళలు కాల్చడం ఒకటి, అతికించడం ఒకటి. ఈ రెండింటినీ విడదీశారంటే సగం టెన్షన్ పోతుంది. జామ్ పెట్టని బిళ్ళలు బాగా చల్లారాక గాలి చొరబడని డబ్బాలో పెడితే వారం దాకా కరకరలాడుతూనే ఉంటాయి, ఎందుకంటే వాటిలో వెన్నా చక్కెరే ఎక్కువ, తడి దాదాపు ఉండదు. ఇంకా ముందే కావాలంటే ముద్దనే పల్చగా వత్తి పేపర్ల మధ్య ఉంచి, గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి, నెలైనా ఏం కాదు.

మెత్తబడటం అనేది జామ్ పెట్టిన క్షణం నుంచి మొదలవుతుంది. జామ్‌లో నీళ్లుంటాయి, కుకీ పొడిగా ఉంటుంది, ఆ నీళ్లు మెల్లగా కుకీలోకి దిగుతాయి, దాన్ని ఆపలేం, లేట్ చేయగలం అంతే. అందుకని జామ్‌ని సీసాలోంచి తీసి అలాగే పూసేయకండి. చిన్న గిన్నెలో వేసి సన్న మంట మీద కలుపుతూ మరిగించండి, కొంచెం నీరు పోయి చిక్కబడుతుంది. థర్మామీటర్ ఉంటే 105 డిగ్రీల దగ్గర దించేయండి, లేకపోతే చల్లటి ప్లేట్ మీద ఓ చుక్క వేసి నిమిషం ఆగి వేలితో నెట్టండి, పైన ముడత పడితే చాలు. మరీ ఎక్కువ మరిగిస్తే మాత్రం చల్లారాక పళ్ళకి అతుక్కుంటుంది జాగ్రత్త. గింజలున్న జామ్ అయితే వేడిగా ఉన్నప్పుడే జల్లెడలో వడకట్టేయండి, కన్నంలోంచి నున్నగా మెరుస్తూ కనిపిస్తుంది.

ఇక షేపు పాకిపోవడం. దానికి కారణం నూటికి తొంభై సార్లు వెన్న వేడెక్కడమే. వెన్న 32, 35 డిగ్రీలకే కరిగిపోతుంది, మైదా గట్టిపడేలోపే అది కారిపోతే నక్షత్రం ఎక్కడ నిలబడుతుంది? కట్ చేసిన బిళ్ళల్ని ట్రేతో సహా ఫ్రిజ్‌లో ఓ ఇరవై నిమిషాలు పెట్టి, రాయిలా గట్టిపడ్డాక సూటిగా వేడి ఓవెన్‌లోకి తోసేయండి. ఓవెన్ కూడా ముందే పూర్తిగా వేడెక్కి ఉండాలి. బేకింగ్ పౌడర్ అసలు వేయొద్దు, ఈ కుకీకి పొంగడంతో పని లేదు. వెన్న చక్కెర గిలకొట్టేటప్పుడు కూడా తెల్లగా నురగలా వచ్చేదాకా కొట్టకండి, లోపల గాలి నిండితే అది ఓవెన్‌లో ఉబ్బి తర్వాత పక్కలకి పాకుతుంది. కలిసిందా, ఆపేయండి.

లెక్కల_కిచెన్

గ్రాములు అడిగారు కాబట్టి నేను దిగుతున్నా :) ఉప్పులేని వెన్న 200, చక్కెర పొడి 100, మైదా 240, మెత్తటి బాదం పొడి 80, ఒక గుడ్డు పచ్చసొన, చిటికెడు ఉప్పు, అర చెంచా దాల్చిన చెక్క పొడి, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము (పచ్చగా ఉన్నది మాత్రమే, కింద తెల్లది చేదు). మొత్తం 640 గ్రాముల దగ్గర ముద్ద వస్తుంది. 5 సెంటీమీటర్ల కట్టర్‌తో 3 మిల్లీమీటర్ల మందంలో కోస్తే ఒక్కో బిళ్ళ ఏడు గ్రాముల లోపే, అంటే తొంభై బిళ్ళలు, విరిగేవి మాడేవి తీసేసినా మీ నలభై జతలు వచ్చేస్తాయి. 6 సెంటీమీటర్ల కట్టర్ తీసుకున్నారో ముప్పై జతలకే పిండి అయిపోతుంది, కట్టర్ ఒక్క సెంటీమీటర్ పెరిగితే ఏముందిలే అనుకుంటాం గానీ బిళ్ళ వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది.

మందం ఒకేలా ఉండటం చాలా చాలా ముఖ్యం, నన్నడిగితే రుచి తర్వాత అదే. ముద్ద కలపగానే మెత్తగా ఉన్నప్పుడే రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి వత్తేయండి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. చాలామంది ముద్దని ఉండలా చేసి గంటలు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత ఆ రాయిని అప్పడాల కర్రతో కుస్తీ పట్టి వత్తుతారు, అంచులు పగుళ్లు, చేతులు నొప్పులు, ఎందుకండీ అది. పేపర్ల మధ్య వత్తితే పైన పిండి చల్లే పనే లేదు, పిండి ఎక్కువైతే కుకీ గట్టిపడుతుంది కదా. కర్రకి రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క పట్టీలు పెట్టుకుంటే మందం దానంతట అదే కుదురుతుంది.

కాల్చేటప్పుడు కన్నం ఉన్నవన్నీ ఒక ట్రే, నిండువన్నీ ఇంకో ట్రే. కలిపి పెట్టొద్దు. కన్నం ఉన్నవి ఒకటి రెండు నిమిషాలు ముందే అయిపోతాయి. 175 డిగ్రీలు, మధ్య అరలో, 10 నుంచి 12 నిమిషాలు, ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 తగ్గించి 155. రంగు కోసం ఎదురుచూడకండి, అంచు చుట్టూ సన్నగా బంగారు గీత కనిపిస్తే తీసేయడమే, మధ్యలో పాలిపోయినట్టే ఉండాలి. ట్రే మీద ఐదు నిమిషాలు కదపకుండా వదిలేయండి, వేడి మీద ముట్టుకుంటే విరుగుతాయి. నక్షత్రం ముక్కలు పారేయకుండా అవి కూడా విడిగా ఆరేడు నిమిషాలు కాల్చుకోండి, పిల్లలు అతిథులు రాకముందే ఖాళీ చేసేస్తారు అది వేరే విషయం.

నిమ్మతొక్క

పై ఇద్దరూ బాగా చెప్పారు కానీ ఆ "మెత్తబడకుండా" అనే గోల దగ్గర నేను ఒప్పుకోను. ఈ కుకీ పుట్టిందే ఆస్ట్రియాలోని లింజ్ ఊరి పేరు మీదున్న లింజర్ టోర్ట్ అనే జామ్ కేక్ లోంచి. దాని రెసిపీ 1653 నాటి చేతిరాత పుస్తకంలో దొరికింది, అంత పాతది. అక్కడ ఈ చిన్న కుకీల్ని లింజర్ కళ్ళు అంటారు, పైబిళ్ళకి మూడు చిన్న గుండ్రటి కన్నాలు పెట్టి రెడ్‌కరెంట్ అనే చిన్న ఎర్రటి పుల్లటి పళ్ళ జామ్ పూస్తారు, దాని పులుపు వెన్నకి సరిగ్గా సరిపోతుంది. ఆ కుకీని అక్కడ ఒకట్రెండు రోజులు డబ్బాలో ఊరనిచ్చి తింటారు, అప్పటికి బాదం, నిమ్మ, దాల్చిన చెక్క, జామ్ అన్నీ ఒకటైపోయి, కొరికితే పైబిళ్ళ పటుక్కున విరిగి జామ్ పక్కలనుంచి బయటికి దూకకుండా మెత్తగా తెగుతుంది. అప్పుడే అతికించిన కుకీ కొరికి చూడండి, పైది విరిగి ఒళ్ళో పడుతుంది, జామ్ చొక్కా మీద పడుతుంది.

కాబట్టి నా ఓటు ముందు రోజు సాయంత్రం అతికించి పెట్టేయడానికే. కరకరే కావాలంటే జామ్ ఎందుకు అసలు, చాక్లెట్ పెట్టుకోండి.

ఓవెన్_పక్కనే_ఉంటా

@నిమ్మతొక్క హహ చొక్కా మాట నిజమే. కానీ మెత్తగా వేరు, నానిపోయి వేరు కదండీ. చిక్కబరచిన జామ్ పెట్టి ఒక రాత్రి ఉంచితే మీరు చెప్పినట్టు వస్తుంది. పల్చటి జామ్ పెట్టి మూడు రోజులు ఉంచితే చేతిలోకి తీసుకోగానే రెండు ముక్కలు. నేను భయపడేది రెండోదాని గురించి.

చాక్లెట్ అన్నారు కాబట్టి, మధ్యే మార్గం ఒకటుంది. కింది బిళ్ళ లోపలి వైపు కరిగించిన వైట్ చాక్లెట్ బ్రష్‌తో సన్నగా, కాగితం మందాన పూసి ఆరనిచ్చి దాని మీద జామ్ పెట్టండి. కొవ్వు పొర కాబట్టి నీళ్లు కిందికి దిగవు, ఇంకో రోజు టైం దొరుకుతుంది. కాకపోతే తీపి పెరుగుతుంది, పుల్లటి జామ్ అయితేనే చేయండి.

తీపిపిచ్చి

అయ్యబాబోయ్ ఇంత డీటెయిల్డ్‌గా చెప్తారనుకోలేదు, థాంక్యూ అందరికీ. నేను బాదం పొడి సంగతి చూసి ఆగాను, వచ్చేవాళ్ళలో ఒక పాపకి నట్స్ పడవు, అలర్జీ. ఇంకొకరు గుడ్డు తినరు. ఇద్దరికీ విడిగా చేయాలా? ఇంకో చిన్న డౌట్, చక్కెర పొడి చల్లితే జామ్ మీద కూడా పడి అది కరిగి మరకలు మరకలుగా అవుతుందేమో?

లెక్కల_కిచెన్

విడిగా ఎందుకు, మొత్తం నలభై నట్స్ లేకుండా గుడ్డు లేకుండానే చేసేయండి, అందరూ తింటారు. అలర్జీ విషయంలో ఒకే వంటగదిలో రెండు రకాలు చేస్తే అదే కర్ర, అదే కట్టర్, అదే జల్లెడ, ఎక్కడో ఓ చోట పొడి అంటుకుంటుంది. ఆ రిస్కే వద్దు. పాప వాళ్ళమ్మకి జామ్ సీసా, వెన్న ప్యాకెట్, చాక్లెట్ వాడితే అది కూడా, లేబుళ్ళు ఫోటో తీసి పంపి ఓకే అనిపించుకోండి, "నట్స్ తగిలి ఉండొచ్చు" అని వాటి మీద చాలాసార్లు రాసి ఉంటుంది.

కొలత అయితే ఇంకా ఈజీ. ఒక వంతు చక్కెర, రెండు వంతులు వెన్న, మూడు వంతులు మైదా, అంతే, తూకంలో. అంటే చక్కెర పొడి 110, వెన్న 220, మైదా 330. ఇది షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కెట్ పాత లెక్క, గుడ్డు ఊసే లేదు. ముద్ద పొడిపొడిగా ఉండి కలవకపోతే ఒక చెంచా చల్లటి పాలు. బాదం రుచి పోతుంది కాబట్టి వెనీలా, నిమ్మతొక్క కొంచెం ఎక్కువ వేయండి. మైదా వేశాక మాత్రం కలిసేంతవరకే కలపండి, చపాతీ పిండిలా పిసికితే సాగుడొచ్చి బిళ్ళలు ఓవెన్‌లో ముడుచుకుంటాయి. మిగిలిన ముక్కల్ని కూడా ఒకసారి, మహా అయితే రెండుసార్లు మళ్ళీ వత్తొచ్చు.

నిమ్మతొక్క

చక్కెర పొడికి ఆన్సర్: అతికించకముందే చల్లాలి. కన్నం ఉన్న బిళ్ళలన్నీ పూర్తిగా చల్లారాక (గోరువెచ్చగా ఉన్నా కరుగుతుంది) పక్కపక్కన పేర్చి జల్లెడతో చల్లేయండి. తర్వాత కింది బిళ్ళల్ని బోర్లా తిప్పండి, ట్రేకి తగిలిన చదును వైపు లోపలికి రావాలి, దాని మధ్యలో అర చెంచా గోరువెచ్చటి జామ్. అంచు దాకా పూయొద్దు, పైబిళ్ళ పెట్టి మెల్లగా నొక్కితే అదే పాకుతుంది. పైబిళ్ళని అంచులు పట్టుకునే ఎత్తండి, లేకపోతే చక్కెర మీద వేలిముద్రలు పడతాయి. కన్నంలో జామ్ తక్కువగా కనిపిస్తే చిన్న చెంచాతో పైనుంచి ఓ చుక్క వేసుకోవచ్చు.

వెన్న_పక్షం

లేట్‌గా వచ్చా, ఒక్కటే చెప్తా. అతికించాక వెంటనే డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చకండి, రెండు మూడు గంటలు విడివిడిగా ట్రే మీద ఆరనివ్వండి, జామ్ పైన పొర కట్టాక వరసకీ వరసకీ మధ్య బేకింగ్ పేపర్ వేసి పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే చెమట పట్టి చక్కెర పొడి మాయమైపోతుంది. అదే డబ్బాలో కేకు ముక్కలు లాంటి తడివి పెట్టారంటే మీ కరకర గురించి మర్చిపోవచ్చు.

ఇంకోటి, జామ్ వద్దు చాక్లెట్ కావాలి అనేవాళ్ళకి, డార్క్ చాక్లెట్ 100 గ్రాములకి క్రీమ్ 50, వైట్ అయితే క్రీమ్ 30 సరిపోతుంది. క్రీమ్ వేడి చేసి చాక్లెట్ ముక్కల మీద పోసి రెండు నిమిషాలాగి కలపడమే, చల్లారి వెన్నలా అయ్యాక పూయాలి, కారుతున్నప్పుడు పూస్తే పైబిళ్ళ జారిపోతుంది.

తీపిపిచ్చి

ఓకే డిసైడెడ్. 1:2:3 లెక్క, నట్స్ లేవు గుడ్డు లేదు, చాక్లెట్ పూత కూడా వద్దు, లేబుళ్ళ గోల ఒకటి తగ్గుతుంది. 20వ తారీఖు వత్తి కాల్చి డబ్బాలో పెట్టేస్తా, 24 రాత్రి జామ్ మరిగించి అతికిస్తా. ఓ పది జతలు మాత్రం విడిగా ఉంచి వాళ్ళు వచ్చే గంట ముందు అతికిస్తా, కరకర పార్టీ వాళ్ళకి అవి, నిమ్మతొక్క గారి పార్టీ వాళ్ళకి మిగతా ముప్పై. కట్టర్ 5 సెంటీమీటర్లదే ఉంది, నక్షత్రం 2 సెంటీమీటర్లది, సరిపోతుంది కదా?

లెక్కల_కిచెన్

సరిపోతుంది, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ మిగులుతుంది. నక్షత్రం కట్టర్‌ని ఒక్కోసారి మైదాలో ముంచి కోయండి, మూలల్లో పిండి ఇరుక్కోకుండా ఉంటుంది. కన్నాలు కూడా బిళ్ళని ట్రే మీదికి చేర్చాకే కోయండి, ముందే కోసి ఎత్తితే నక్షత్రం ఓ పక్కకి సాగిపోతుంది.