టెఫ్లాన్, గ్రాఫీన్ కలిపిన కార్ వాక్స్‌లకి అంత డబ్బు పెట్టొచ్చా?

నల్లబండి:
నాది నల్ల రంగు కారు, కొని నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ మామూలు పేస్ట్ వాక్స్ వాడాను, రెండు నెలలకోసారి ఓపిగ్గా రుద్దేవాణ్ణి, మెరుపు బాగానే ఉండేది. ఆ డబ్బా అయిపోయి కొత్తది కొందామని చూస్తే ఒకదాని మీద టెఫ్లాన్, ఇంకోదాని మీద గ్రాఫీన్, మరోదాని మీద సిరామిక్, యూవీ ప్రొటెక్షన్ అని పెద్దపెద్ద అక్షరాలు. ధర చూస్తే మామూలుదానికి రెండు మూడింతలు. ఇవి పెయింట్‌కి నిజంగా ఏమైనా చేస్తాయా, లేక పేరుకే డబ్బు కడుతున్నామా? నా కారు రోజంతా ఎండలోనే ఉంటుంది, నీడ దొరకదు. వాడి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతస్పానర్:
టెఫ్లాన్ అని ఉన్నదాన్ని మాత్రం పక్కన పెట్టేయండి. టెఫ్లాన్ అంటే పీటీఎఫ్ఈ, దేనికీ అంటుకోకపోవడమే దాని గుణం, మరి అది మీ పెయింట్‌కి మాత్రం ఎందుకు అంటుకుంటుంది? దాని కరిగే ఉష్ణోగ్రతే 327 డిగ్రీలు. నాన్‌స్టిక్ పెనం మీద నిలబడాలంటే లోహాన్ని గరుకు చేసి, పూత వేసి, అంతకంటే ఎక్కువ వేడిలో కాలుస్తారు. కారు బానెట్ మీద గుడ్డతో రుద్దితే ఆ పని జరగదు. ఆ వాక్స్ రాశాక మీకు కనిపించే మెరుపు అందులో ఉన్న మామూలు మైనానిదీ సిలికాన్ నూనెదీ, టెఫ్లాన్‌ది కాదు.

నురగబకెట్:
సిరామిక్ అని అమ్మే వాక్స్‌ల సంగతి వేరు, అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. వాటిలో సిలికా ఆధారిత పాలిమర్లు ఉంటాయి, అవి నిజంగానే ఎక్కువ రోజులు నిలుస్తాయి. నేను బానెట్ మధ్యలో మాస్కింగ్ టేప్ వేసి ఒక సగం కార్నాబా (చెట్టు ఆకుల నుంచి తీసే మైనం), ఇంకో సగం సిలికా స్ప్రే వేసి చూశాను. వాక్స్ ఉన్నంతకాలం నీళ్లు పరుచుకోకుండా చుక్కలు కడతాయి. ఆరు వారాలకి కార్నాబా వైపు నీళ్లు చుక్కలు కట్టడం మానేశాయి, సిలికా వైపు మూడు నెలలు దాటినా కట్టాయి. మధ్యలో ఒకసారి రెండు వైపులా ఆగిపోతే అంతా పోయిందనుకున్నాను, షాంపూతో కడిగాక సిలికా వైపు మళ్లీ మొదలైంది. అంటే పైన దుమ్ము పేరుకున్నా నీళ్లు అలాగే పరుచుకుంటాయి, అది చూసి వాక్స్ పోయిందనుకుని వెంటనే ఇంకో పొర వేసెయ్యకండి.

గ్రాఫీన్ (ఒక రకం కార్బన్) కలిపినది కూడా వాడాను. సిలికా స్ప్రేకీ దానికీ నా కంటికి ఏ తేడా కనపడలేదు. నీటి మరకలు తగ్గుతాయని రాసి ఉంటుంది కదా, నాకైతే తగ్గలేదు. నల్ల కారు కాబట్టి ఇది మీకు ముఖ్యం: గుండ్రంగా నిలబడ్డ చుక్కలు ఎండకి అక్కడే ఆరిపోతే నీళ్లలోని సున్నం తెల్లటి మచ్చలై మిగులుతుంది. కడిగాక ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ టవల్‌తో తుడిచేయడం ఒక్కటే దారి, ఏ డబ్బా కొన్నా సరే.

రంగులషెడ్:
నేను పెయింటింగ్ పనిలో ఉన్నాను కాబట్టి యూవీ మాట చెప్తాను. ఎండ నుంచి రంగుని కాపాడేది పైనున్న క్లియర్ కోట్ అనే పారదర్శక పొర, ఎండని ఆపే రసాయనాలు దాంట్లోనే కలిపి ఉంటాయి. అది దాదాపు 40, 50 మైక్రాన్ల మందం, అంటే వెంట్రుక కంటే పలచన. మీరు రుద్ది తుడిచాక మిగిలే వాక్స్ పొర దాని ముందు చాలా చాలా పలచన, అందులో యూవీ మందు ఎంత కలిపినా ఎంత ఆపగలదు? వాక్స్ చేసే అసలు మేలు వేరే, పక్షి రెట్ట, చెట్టు బంక నేరుగా క్లియర్ కోట్‌ని తినకుండా కాసేపు అడ్డుకుంటుంది, మురికి తేలిగ్గా వదులుతుంది. అది మామూలు వాక్స్ కూడా చేస్తుంది.

ఇంకో మాట, డబ్బా మీద క్లీనర్ వాక్స్ అని ఉంటే జాగ్రత్త అండీ. అందులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, గీతలు పోయి వెంటనే కొత్త కారులా కనిపిస్తుంది కానీ రుద్దిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంచెం అరుగుతుంది. రూఫ్ మీదా బానెట్ మీదా తెల్లగా పొట్టు లేచిన కార్లు నా దగ్గరికి వస్తుంటాయి, అప్పుడు ఏ వాక్సూ పని చెయ్యదు, మళ్లీ పెయింట్ వెయ్యడమే. రీపెయింట్‌కి ఇచ్చేముందు వాక్స్ వాడేవాళ్లమని పెయింటర్‌కి చెప్పండి, సిలికాన్ మిగిలి ఉంటే కొత్త రంగు గుంటలు గుంటలుగా విడిపోతుంది.

నల్లబండి:
చాలా థాంక్స్ అండీ, టెఫ్లాన్‌ది దాదాపు కొనేసేవాణ్ణి. అయితే సిలికా స్ప్రే తీసుకుంటాను. పాత వాక్స్ మీదే కొట్టొచ్చా?

నురగబకెట్:
వద్దు. సిలికా పెయింట్‌కి నేరుగా తగలాలి, మధ్యలో మైనం ఉంటే త్వరగా పోతుంది. ముందు బాగా కడిగి, ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని బానెట్ మీద నిమిరి చూడండి, గరగరలాడితే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) వేయాలి. తర్వాత పలచన చేసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రేకు చల్లగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా రాసి వెంటనే తుడిచేయండి, ఆలస్యమైతే నల్ల రంగు మీద చారలు పడతాయి. నాకు మొదటిసారి అవే పడ్డాయి, మళ్లీ తుడవడానికి సాయంత్రమంతా పట్టింది.